జానెడు దూరంలో పై సా

కాలిపోయిన బోరు మోటారు కడుపులోంచి పాత రాగితీగను కటింగ్ ప్లయరుతో లాగుతూనే, మునీశ్వరి బల్ల మీది పెట్టె వైపు ఒక చెవి ఒగ్గి ఉంచింది. పొద్దున షట్టరు ఎత్తగానే ఆ పెట్టెకు బ్యాటరీలు తగిలించింది. అప్పటినుంచీ అది ఒకే స్వరాన్ని పట్టుకుని సన్నగా పలుకుతూ ఉంది. తీగ తెగిన ప్రతిసారీ టప్పుమని చప్పుడు, ఆ వెనకనే మళ్ళీ ఆ సా. పెట్టె ఒళ్ళు బాగా వేడెక్కేదాకా దాని జోలికి పోకూడదు. చల్లగా ఉన్నప్పుడు శ్రుతి చేస్తే ఎండెక్కాక అది మాట తప్పుతుంది.

మదనపల్లెలో ఏప్రిల్ అంటే మోటార్లు కాలే నెల. షాపు ముందర అవి వరసగా పడి ఉన్నాయి. టమోటా తోటల రైతులు ఎవరి మోటారు పక్కన వాళ్ళు, ఆస్పత్రిలో సొంత మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. లోపల వార్నిషు వాసన. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, జారిపోకుండా దారంతో కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, మునీశ్వరి ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. బక్కటి ఒళ్ళు, పెద్ద చేతులు. ఏళ్ళ తరబడి తీగ చుట్టి చుట్టి ఆమె చూపుడువేలి కొస మీద సన్నటి గాడి పడింది. గోళ్ళ అంచుల్లో వార్నిషు నలుపు ఎంత తోమినా పోదు. ఈ షాపుకు మొదట ఊడ్చే పనికి వచ్చింది. చుట్టేవాళ్ళ చేతులు చూస్తూ చూస్తూ ఒకరోజు తనే ఒక ఫ్యాను చుట్టింది. అది తిరిగింది. ఆ తర్వాత ఆమె చేతికి చీపురు ఇచ్చినవాళ్ళు లేరు. మొగుడు పాలవ్యాను నడుపుతాడు. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. ఆమె గురించి ఊళ్ళో ఎవరైనా చెప్పగలిగింది ఆ మాత్రమే.

చేతులు తుడుచుకుని పెట్టెను దగ్గరికి లాక్కుంది. పనసచెక్క పలక మీద హీటరుతీగ బిగించి, దానిపైన సన్నటి ఇత్తడి రేకు పరిచి ఉంది. రేకును ఎక్కడ నొక్కితే అక్కడి స్వరం వస్తుంది. వేలు జారిస్తే స్వరమూ జారుతుంది. ఎడమచేతి కింద ఒక మీట. ఎంత నొక్కితే అంత గట్టిగా పలుకుతుంది. కింది సా మీద వేలు పెట్టి, సెల్‌ఫోనులో తంబురా మోగించింది. రెండూ కలిశాయి. జానెడు పైకి వెళ్ళి నొక్కింది. అక్కడ పై సా పలకాలి. పలికింది కానీ, తంబురాతో కలవక మధ్యలో ఒక వణుకు పుట్టింది. రెండు సాలు దగ్గరగా వచ్చి కలవకపోతే ఆ వణుకు పుడుతుంది. ఎంత దగ్గరైతే అంత నిదానిస్తుంది. కలిసిన క్షణం మాయమవుతుంది. చిన్న స్క్రూడ్రైవరుతో లోపలి మరను తిప్పింది. వణుకు నిదానించింది. ఆగింది. అయితే ఇప్పుడు కింది సా పక్కకు జరిగింది. దాన్ని సరిచేసింది. పైది మళ్ళీ రవ్వంత జరిగింది. ఇలా కిందికీ పైకీ తిరగడం ఆమెకు విసుగనిపించదు. ఒక్కో విడతకు తప్పు సగమవుతుంది. చిన్నపిల్లకు జడ వేసేటప్పుడు రెండువైపులా సమానం చేసినట్టు ఉంటుంది.

షాపు ఓనరు మునికుమార్ టీ గ్లాసులతో వచ్చాడు. ఆమెకంటే చిన్నవాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాడు. యూట్యూబులో ఎవరో దొరసాని ఇలాంటి పెట్టె కడుతుంటే మునీశ్వరికి చూపించింది అతనే. బెంగుళూరు నుంచి చిప్పులు తెప్పించిందీ అతనే.

"ఏమక్కా, నిలబడిందా ఆసిలేటరు?" అన్నాడు, పెట్టెలో స్వరం పుట్టించే భాగాన్ని చూపిస్తూ.

"నిలబడతాండాదప్పా. రెండు జానల్లో మూడు సాలు పలకాల. రెండు అయినాయి."

"ఈతూరి ఎండకు జారదు గదా?"

ఆమె నవ్వి, పెట్టె లోపల దూది చుట్టి పెట్టిన చిన్న రేకుడబ్బాను చూపించింది. "అది ఈడుండంగ యాడికి జారతాది?"

పోయిన నెల జారింది.

పుంగనూరులో ఆమె పెదనాన్న గంగులయ్య నాదస్వరం వాయించేవాడు. మునీశ్వరి తండ్రి అదే మేళంలో తాళం వేసేవాడు. పెళ్ళయ్యేదాకా ఆమె వాళ్ళ వెనక కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఊదింది. ఆడపిల్ల నాదస్వరం పట్టకూడదని ఎవరూ అనలేదు. పట్టుకోమనీ ఎవరూ ఇవ్వలేదు. పెళ్ళిపందిళ్ళలో నిద్ర ముంచుకొస్తున్నా ఆమె సా మాత్రం ఆగేది కాదు. మూడేళ్ళ కిందట ఊపిరితిత్తులు దెబ్బతిని, ఇక ఊదకూడదని డాక్టరు చెప్పాక, వీధిలో మేళం వినిపిస్తే గంగులయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. కీబోర్డు నేర్చుకోమని ఎవరో అన్నారు. "మెట్లు మెట్లుగా ఉండే దాంట్లో గమకం యాడ పలకతాదమ్మా?" అన్నాడు. ఆ మాటతోనే మునీశ్వరికి పెట్టె కట్టాలన్న ఆలోచన పుట్టింది. మెట్లు లేని పెట్టె.

కట్టి తీసుకెళ్ళింది. చుట్టుపక్కల వాళ్ళంతా మూగారు. ముందు బాగానే పలికింది. రేకుల ఇల్లు మధ్యాహ్నానికి పొయ్యిలా కాగేసరికి లోపలి ట్రాన్సిస్టర్లు వేడెక్కి, జానెడు దూరంలో ఉండాల్సిన సా ఎక్కడెక్కడికో పోయింది. గంగులయ్య చెయ్యి తీసేశాడు. "నా చెయ్యే పోయింది లేమ్మా" అన్నాడు. పెట్టె తప్పు అని ఆమె ఎంత చెప్పినా వినలేదు.

వేడి పెరిగేకొద్దీ కరెంటును అడ్డుకునే బలమూ పెరిగే ప్రత్యేకమైన రెసిస్టరు ఒకటి ఉంటుందనీ, అది దొరకడం కష్టమనీ మునికుమార్ చదివి చెప్పాడు. మునీశ్వరి చేతిలోని తీగను చూసి, "రాగి పెరగదా అబ్బా? ఉడుకు మోటారుకు మీటరు పెడితే ఎక్కువ సూపిస్తాది గదా" అంది. మునికుమార్ ఆమెను చూశాడు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. అతను కాగితం మీద లెక్క వేశాడు. తలవెంట్రుక కంటే సన్నటి రాగితీగను ఆమె రీఫిల్లు ముక్క మీద రెండు సాయంత్రాలు చుట్టింది. ఆ ఉండను ట్రాన్సిస్టర్లకు ఆనించి కట్టి, దూదిలో పొదిగి, డబ్బాలో పెట్టారు. ట్రాన్సిస్టరు వేడెక్కి ఎంత పక్కకు లాగితే, రాగి వేడెక్కి అంత వెనక్కు లాగుతుంది.

మూడో సా కలిసింది. వణుకు లేదు. మునీశ్వరి కళ్ళు మూసుకుని ఇంకోసారి కింది నుంచి పైకి జాన జానగా నొక్కుతూ వెళ్ళింది. బయట కూర్చున్న రైతు ఒకడు లోపలికి తల పెట్టి, "ఏమ్మా, మా మోటారు పాడతాండాదా?" అన్నాడు.

"నీ మోటారు నిద్రపోతాండాదన్నా. రేపు లేపుతాం" అంది ఆమె.

"నువ్వు పో అక్కా. ఆ మోటారు నేను చుడతా" అన్నాడు మునికుమార్. "పోయి, పెద్దాయనకు ఆయన చెయ్యి ఆయనకు ఇచ్చిరా."

పుంగనూరు బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. పక్క సీటు ఆవిడ అందులో ఏముందని అడిగితే, "మా పెద్నాయన ఊపిరి" అని చెప్పి, ఆవిడ ఇంకేమీ అడగకుండా జరిగి కూర్చోవడం చూసి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

గంగులయ్య తన కొడుకు ఇంటి ముందరే నడిపే పాలకేంద్రం అరుగు మీద, తడి తుండు నెత్తిన వేసుకుని కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. ఊదడం మానేశాక బుగ్గలు లోపలికి పోయాయి. పెట్టెను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"మళ్ళా యాల తెచ్చినావు? నా చెయ్యి పోయిందని చెప్తి గదా."

"సెయ్యి పోలా పెద్నాయనా. పెట్టె పోయింది. బాగు చేసుకొచ్చినా. ఒక్కతూరి సూడు."

"వొద్దు మునీ. వాళ్ళందరి ముందరా ఇంకోతూరి వొద్దు."

"ఎవురూ లేరు. నేనూ నువ్వే."

కోడలు సుమలత మజ్జిగ తెచ్చిచ్చి, మామ మొహం చూసి, అక్కడ నిలబడకుండా లోపలికి పోయింది. మునీశ్వరి పెట్టెను కావాలనే ఎండలో, అరుగు కొసన పెట్టి స్విచ్చి వేసింది. మజ్జిగ తాగుతూ కూర్చుంది. పెట్టె కాగింది. ఇత్తడి రేకు ముట్టుకుంటే చురుక్కుమనేంత అయ్యాక దాన్ని నీడలోకి జరిపింది. కింది సా అలాగే ఉంది. గంగులయ్య వినకుండా ఉండలేకపోయాడు. తల కొంచెం వంగింది.

కాసేపటికి కుడిచేయి చాపాడు. బొటనవేలు కింది సా మీద ఆనించి, కళ్ళు మూసుకుని, చిటికెనవేలు చాచినంతా చాచి నొక్కాడు. పై సా పలికింది. బొటనవేలు అక్కడికి తెచ్చి మళ్ళీ చాచాడు. ఇంకో సా. కళ్ళు తెరవకుండా ఈసారి రి నుంచి జాన వేశాడు. పై రి. పా నుంచి వేశాడు. పై పా. తర్వాత కళ్ళు తెరిచి తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"నా జానకు కట్టినావా?"

"నీ జానకే. పోయిన నెల రేకు మీద నీ వేళ్ళ జాడ ఉండె. దాన్ని కొలిచినా."

గంగులయ్య నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వాడు. ఎడమచేత్తో మీటను మెల్లగా నొక్కి, కుడిచేతి వేలిని గా మీద నుంచి పా దాకా వణికిస్తూ జార్చాడు. మునీశ్వరి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. ఆ జారుడు ఆమె చిన్నప్పుడు శ్రుతిపెట్టె వెనక కూర్చుని విన్నదే. పాల క్యాన్లు కడుగుతున్న మనిషి చేతిలో నీళ్ళగొట్టం అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. నీళ్ళు వీధిలోకి పారాయి.

"కుప్పంలో సాయంత్రం రిసెప్షనుకు రాజగోపాల్ మేళం ఉండాది" అంది మునీశ్వరి, ఎటో చూస్తూ. "మనల్ని రమ్మన్యాడు."

డోలు రాజగోపాల్ ఆయనతో ఎన్నో ఏళ్ళు కలిసి వాయించినవాడు. గంగులయ్య మీట మీద నుంచి చెయ్యి తీశాడు. లేచి లోపలికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోతే కోపమొచ్చిందేమో అనుకుంది. తలుపు తీసుకుని వచ్చేసరికి ఒంటి మీద జరీ అంచు పంచె, భుజాన పట్టు కండువా, నుదుట విభూది. చెవులకు పాత ఎర్రరాళ్ళ కమ్మలు.

"ఉడుకు ఉడుకని పొద్దున్నించీ నీళ్ళు కూడా నన్నే ముంచియ్యమన్యాడు" అంది సుమలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "ఇప్పుడు సూడు పెళ్ళికొడుకును!"

పలమనేరు మీదుగా కుప్పం దాకా బస్సు ఎగిరెగిరి పడింది. గంగులయ్య తొడ మీద తాళం వేస్తూ, మాటిమాటికీ తన జాన చాచి చూసుకుంటూ ఉన్నాడు. మామిడితోటలు వెనక్కు పోతున్నాయి. మునీశ్వరి గుంటలు వచ్చినప్పుడల్లా పెట్టెను పైకి ఎత్తి పట్టుకుంది.

అయినా కుప్పంలో, కల్యాణమంటపం వంటశాల పక్కన పెట్టె తెరిచి నొక్కి చూస్తే పై సా పక్కకు పోయి ఉంది. ఆమె రేకుడబ్బా మూత తీసి చూసింది. రాగి ఉండ సరిగ్గానే ఉంది. బస్సు కుదుపులకు మర కదిలిందంతే. తిప్పితే సరిపోతుంది. కానీ వణుకు వినాలి కదా! పక్కన గ్రైండరు గర్రుమంటోంది. గిన్నెల మోత, పిల్లల అరుపులు, బయట బ్యాండు. గంగులయ్య వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"అప్పా, రవ్వంతసేపు ఆ గ్రైండరు ఆపితే పుణ్యముంటాది."

"వడపిండి సామీ. ఆపితే వెయ్యిమంది నన్ను రుబ్బుతారు" అన్నాడు వంటమేస్త్రి.

అంతలో రాజగోపాల్ డోలు మెడకు తగిలించుకుని వచ్చాడు. గంగులయ్య కాళ్ళకు మొక్కి, పెట్టె వైపు అనుమానంగా చూశాడు. "అన్నా, నువ్వు వస్తివి, అది చాలు. ఇది పలక్కపోయినా బాధల్యా. ఊరికే మా పక్కన కూర్చో."

ఊరికే కూర్చో అన్న మాటకు గంగులయ్య మొహంలో వెలుగు తగ్గడం మునీశ్వరి చూసింది. గోడవైపు తిరిగి కింద చతికిలబడింది. ఫోను తంబురాను కూడా తీగతో పెట్టె స్పీకరుకే తగిలించింది. వినడం మానేసి, గాడిపడ్డ చూపుడువేలి కొసను స్పీకరు కాగితం మీద పూలరేకును ముట్టుకున్నట్టు ఆనించింది. కాగితం దడదడ కొట్టుకుంటోంది. ఆ దడలోనే ఒక అల, లేచి పడుతూ. అదే వణుకు. చెవికి అందనిది వేలికి అందింది. మర తిప్పింది. అల నిదానించింది. ఇంకొంచెం. లేస్తూ, పడుతూ, లేస్తూ... ఆగిపోయింది. వేలి కింద కాగితం నున్నగా, ఒక్కతీరుగా మోగుతోంది. కిందిది చూసింది. మళ్ళీ పైది. మళ్ళీ కిందిది. చెమట కళ్ళలోకి కారుతుంటే గంగులయ్య తన పట్టు కండువాతో ఆమె నుదురు తుడిచాడు.

"ఇప్పుడు జాన వెయ్యి పెద్నాయనా."

వేశాడు. పై సా కలిసింది. పెట్టెను తనే ఎత్తుకుని వేదిక వైపు నడిచాడు.

రాజగోపాల్ మేళంలో నాదస్వరం వాయించే నడివయసాయన రెండున్నర శ్రుతి పట్టాడు. మునీశ్వరి పెద్ద గుండీ ఒకటి తిప్పి పెట్టెను దానికి కలిపి, మెట్లు దిగబోయింది. గంగులయ్య ఆమె కొంగు పట్టుకుని ఆపాడు. "యాడికి పోతాండావు? శ్రుతి ఎవురు పడతారు?" ఫోను తంబురా ఉందని ఆమె చెప్పబోయింది. ఆయన వినలేదు. వెనక జాగా చూపించాడు. చీర మీది చొక్కా తీసి సంచిలో కుక్కి, కొంగు సర్దుకుని, ఫోనులో తంబురా మోగించి ఒళ్ళో పెట్టుకుని, మునీశ్వరి పెళ్ళయ్యాక మొదటిసారిగా మేళం వెనక కూర్చుంది.

గంగులయ్య మోహన రాగం ఎత్తుకున్నాడు. మొదట మెల్లగా, గడప దగ్గర నిలబడి పిలిచినట్టు. మీట మీద ఎడమచేయి ఊపిరి తీసినట్టు లేచి దిగుతోంది. గా మీద ఆగి, దాన్ని ఊపి, పా దాకా జారి, అక్కడినుంచి చెయ్యి చూడకుండా జాన వేసి పై సా అందుకున్నాడు. సరిగ్గా అక్కడే ఉంది. పక్కనున్న నాదస్వరం ఆయన వాయించడం ఆపి, తలాడిస్తూ విని, అదే మాటను తన వాద్యంలో తిప్పి పలికాడు. గంగులయ్య దానికి జవాబిచ్చాడు. రాజగోపాల్ డోలు మీద కర్ర పడింది. ఇక ఆగింది లేదు. ఫోకసు లైట్ల వేడికి వేదిక కాగిపోతోంది. మునీశ్వరి చెవులు రిక్కించి పోయిన నెల శ్రుతి జారిన జారుడు మళ్ళీ వస్తుందేమోనని కాచుకుంది. రాలేదు. పెట్టె అడుగున చేయి పెట్టి చూస్తే వెచ్చగా, పాలు తాగి పడుకున్న పిల్ల ఒళ్ళులా ఉంది. శ్రుతి మాత్రం గీత గీసినట్టు నిలబడి ఉంది. ఇక కాచుకోవడం మానేసి వినడం మొదలుపెట్టింది.

పెళ్ళికొడుకు అవ్వ కుర్చీ లాక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాదస్వరాలు రెండు వినపడతాండాయి, ఒకటే కనపడతాండాది. రెండోది యాడుండాది?" అని పక్కవాళ్ళను అడిగింది. గంగులయ్యకు వినిపించింది. వాయిస్తూనే వెనక్కు తిరిగి మునీశ్వరిని చూసి కన్ను గీటాడు.

సినిమాపాటల ఆర్కెస్ట్రా వాళ్ళు వచ్చేసరికి మేళం ముగిసింది. రాజగోపాల్ వాళ్ళు అటునుంచి అటే జోలార్‌పేట వైపు రైలెక్కాలి. అరవదేశంలో వరసగా తేర్లు, తిరునాళ్ళు. సాగనంపుదామని గంగులయ్యా మునీశ్వరీ స్టేషనుకు వెళ్ళారు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పట్టాల అవతల ఆకాశం టమోటా పండు రంగులో ఉంది. రైలు వచ్చి ఆగింది. రాజగోపాల్ డోలు ఎక్కించి, మెట్టు మీద నిలబడి వెనక్కు తిరిగాడు.

"అన్నా, నువ్వూ రారాదా? జాగా ఉండాది. నీ మాత్రలు నేను గుర్తు పెట్టుకుంటా."

గంగులయ్య మునీశ్వరి వైపు చూశాడు. రేపు షాపులో మిగతా మోటార్లు చుట్టాలి. ఈయన్ని ఇంటికి చేర్చి సుమలతకు అప్పగించాలి. అన్నీ ఆమె నోటిదాకా వచ్చాయి. ఆయన కళ్ళు చూశాక ఒక్కటీ పైకి రాలేదు.

"సుమలతకు నేను చెప్తాలే" అంది.

"పైది జారితే ఈ మర కుడికా, ఎడమకా?"

"ఎడమకు. రవ్వంత. ఆ వెనక కిందిది సూసుకో. మళ్ళా పైది. సగం సగం తగ్గతా వస్తాది. తొందరపడొద్దు."

చిన్న స్క్రూడ్రైవరును ఆయన కండువా కొసన ముడివేసింది. ఆయన పెట్టెను గుండెకు హత్తుకుని ఎక్కాడు. రైలు కదిలింది. గంగులయ్య కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. వీడ్కోలుకు ఊపలేదు. వేళ్ళన్నీ విప్పి, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎంత ఉందో చూపించాడు. మునీశ్వరి కూడా తన చెయ్యి అలాగే ఎత్తింది. రైలు చివరి బోగీ ఎర్రదీపం మలుపు తిరిగేదాకా ఎత్తే ఉంచింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక కాళ్ళు నొప్పిగా ఉన్నాయని తెలిసింది. సంతోషంగానూ ఉంది. బెంచీ దగ్గరికి వచ్చింది. రైలు వచ్చేదాకా ఆయన కూర్చున్న చోట, పెళ్ళివాళ్ళు కళాకారులకు ఇచ్చిన పసుపుపచ్చ తాంబూలం సంచి ఒకటి ఉండిపోయింది. నోరు విప్పుకుని ఉన్న ఆ సంచిలో రెండు తమలపాకులు, కుంకుమ పొట్లం, పీచు తీయని ఒక కొబ్బరికాయ. సుమలతకు ఇద్దామని సంచిని చేతికి తగిలించుకుంది.